కారు ముందుకాళ్ళు – అరిగిన భాగాల మార్పిడి

(ఒక పూర్వ విద్యార్థి, మెకానికల్ శాఖ)

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, "ఈ ఏటి సావనీరుకు పాత విద్యార్థుల చేత కూడా వ్రాయిస్తున్నామండీ, మీరూ ఏదైనా ఒకటి వ్రాయండి" అన్నాడు. ఏం వ్రాయమంటావు బాబూ అంటే "మీ ఇష్టమండీ, మా వాళ్ళకి పనికొచ్చేది" అన్నాడు. పనికొచ్చేది అనేసరికి ఇరకాటంలో పడ్డాను. కవిత్వం నాకు రాదు. రాజకీయాలు వ్రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు. నాకు కాస్తో కూస్తో తెలిసింది చేతులకు గ్రీజు అంటే పని ఒక్కటే. అందుకని పాత కారుకు ముందు భాగంలో అరిగిపోయిన సామాను ఎట్లా కనిపెట్టాలో, ఎట్లా మార్చాలో వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. పాఠం వ్రాస్తూ తప్పు దాచుకుంటే ఆ పాఠానికి విలువ లేదు కనుక అది కూడా చెబుతాను.

మాది బాపులపాడు. హనుమాన్ జంక్షన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు – నాలుగు వైపుల రోడ్లూ మా దగ్గరే కలుస్తాయి. నూజివీడు అని బోర్డున్న రైలు స్టేషను కూడా మా జంక్షన్‌లోనే ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మేము కృష్ణాలోనే ఉండిపోయాం. అయినా మామిడికాయలకు జిల్లాల సరిహద్దులు తెలియవు. ఏప్రిల్ వచ్చిందంటే మా రోడ్డంతా కాయల లారీలే.

మా నాన్నగారికి నూజివీడు వైపు కొద్దిపాటి మామిడితోట ఉండేది. 1984లో ఆయన ఒక సెకండ్ హ్యాండ్ పద్మిని కొన్నారు. ఈ కారు సంగతి నేటి విద్యార్థులకు రెండు ముక్కల్లో చెప్పాలి. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇటలీ ఫియట్ కంపెనీ నమూనా మీద దీన్ని తయారుచేశారు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, గేరు కడ్డీ స్టీరింగు పక్కన. మా వైపు దాన్ని చివరిదాకా "ఫియట్ కారు" అనే పిలిచేవారు. కొత్త శతాబ్దం మొదట్లో తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నలుపు పసుపు రంగుల పద్మిని టాక్సీలు మాత్రం 2023 అక్టోబరు దాకా నడిచాయి. అంత కాలం నడవటానికి కారణం ఆ కారు అరగకపోవటం కాదు. అరిగినదాన్ని విప్పి మార్చటానికి వీలుగా ఉండటం.

అసలు అక్కడ ఏముంది?

ముందు చక్రానికి రెండు పనులు. ఒకటి గుంట వస్తే పైకీ కిందికీ ఆడటం. రెండు, స్టీరింగు తిప్పితే పక్కకు తిరగటం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా జరగాలి. అందుకోసమే అన్ని సామాన్లు.

మొదటి పనికి మా మామిడి బుట్ట చాలు ఉదాహరణగా. కాయలు ఎడ్లబండిలో వేసేటప్పుడు కింద ఎండుగడ్డి వేస్తాం. బండి గుంటలో పడితే గడ్డి అణుగుతుంది, మళ్ళీ కొంచెం లేస్తుంది, కాయ కమలదు. గడ్డి అణిగి లేవటం స్ప్రింగు పని. లేచినప్పుడు కాయను బంతిలా ఎగరగొట్టకుండా ఆ వేగాన్ని తనలోనే మింగేయటం షాక్ అబ్జార్బరు పని. గడ్డి రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. ఇనుముకు అంత తెలివి లేదు కనుక కారులో రెండు వేరువేరు వస్తువులు పెట్టారు.

పద్మినిలో ప్రతి ముందు చక్రానికీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు కోడి ఎముక ఆకారపు చేతులుంటాయి. వాటిని విష్‌బోన్లు అంటారు. మెకానిక్కులు "పై ఆర్మ్, కింది ఆర్మ్" అంటారు. ఈ చేతులు కారు వైపు చివర రబ్బరు బుషుల మీద ఊగుతాయి. వాటిని ఆనుకుని చుట్టల స్ప్రింగు బరువు మోస్తుంది. రెండు చేతుల బయటి చివరల మధ్య ఒక ఇనుప స్తంభం నిలబడి ఉంటుంది.

రెండో పని ఈ స్తంభం దగ్గర. చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిలు ఈ స్తంభానికి ఒక లావుపాటి మేకుతో తగిలించి ఉంటుంది. అదే కింగ్ పిన్ను. మీ ఇంటి తలుపు బందు చూడండి. తలుపు చక్రం, ద్వారబంధం స్తంభం, బందులోని మేకు కింగ్ పిన్ను. అంతే తేడా లేదు. మేకు చుట్టూ పైనా కిందా ఇత్తడి లాంటి మెత్తని లోహపు బుషులుంటాయి. కారు బరువు మోయటానికి ఒక థ్రస్టు బేరింగు ఉంటుంది. వీటన్నిటికీ గ్రీజు ఎక్కటానికి చిన్న చిన్న నిప్పళ్ళు బయటికి పొడుచుకుని ఉంటాయి.

బందుకు నూనె వేయకపోతే తలుపు కిర్రుమంటుంది. కింగ్ పిన్ను కిర్రుమనదు. అక్కడే ఉంది చిక్కు.

నొప్పి ఒకచోట, జబ్బు ఒకచోట

1985 చివర్లో మా కారుకు ఒక రోగం పట్టుకుంది. యాభై దాటితే స్టీరింగు చేతుల్లో గిలగిలలాడేది. అరవై దాటితే మళ్ళీ కాస్త సర్దుకునేది. నేనప్పుడు మూడో సంవత్సరం. కంపనాల పాఠం కొత్తగా చదివి ఉన్నాను. నాన్నగారి ముందు కాగితం మీద లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. మా టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు. అంటే సెకనుకు దాదాపు తొమ్మిది చుట్లు. చక్రమూ, దానితో ఆడే భాగాలూ కలిసి సహజంగా ఊగే వేగం కూడా సెకనుకు పది ప్రాంతంలోనే ఉంటుంది. రెండూ దగ్గరపడితే అనునాదం. "కనుక ఇది వీల్ బ్యాలెన్సింగు లోపం నాన్నా" అని తేల్చేశాను.

లెక్క తప్పు కాదు. తేల్చింది తప్పు. టైరులో రవ్వంత బరువు తేడా ఎప్పుడూ ఉంటుంది. బిగువుగా ఉన్న కారు దాన్ని లెక్కచేయదు. బందు వదులైన కారు ఆ రవ్వంతకే ఊగిపోతుంది. నేను నిప్పురవ్వను చూశాను గాని పక్కనున్న గడ్డివాము చూడలేదు.

విజయవాడ తీసుకెళ్ళి చక్రాలు బ్యాలెన్సు చేయించాను. వారం బాగుంది. మళ్ళీ మొదలు. అలైన్‌మెంట్ చేయించాను. మళ్ళీ మొదలు. షాక్ అబ్జార్బర్లు పోయి ఉంటాయని రెండూ కొత్తవి వేయించాను. నాన్నగారు మాట్లాడకుండా ప్రతిసారీ డబ్బు తీసి ఇచ్చారు. ఆ ఏడు కాయ ధర కూడా బాగాలేదు.

ఇప్పుడు చెబుతున్నాను, ఒక్క పైసా ఖర్చు పెట్టకముందు చేయవలసిన పరీక్షలు ఇవి. పావుగంట చాలు.

1. కారు ముందు మూల మీద బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి సర్దుకుంటే షాక్ అబ్జార్బరు బాగున్నట్టు. మూడు నాలుగుసార్లు ఊగితే పోయినట్టు.

2. టైరును అరచేత్తో తడమండి. ఒక అంచే అరిగితే చక్రం వాలి ఉంది. ఒక వైపు నుంచి తడిమితే నున్నగా, రెండోవైపు నుంచి రంపంలా తగిలితే టో లెక్క తప్పింది. మధ్య మధ్య గుంటలు పడితే చక్రం రోడ్డు మీద ఎగురుతోంది.

3. ముందు భాగం జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనొక చేయి కిందొక చేయి వేసి లోపలికీ బయటికీ ఊపండి. టక్‌మంటే ప్లే ఉంది. ఇప్పుడు మరొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. ఆ టక్కు మాయమైతే దోషం చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా ఉంటే దోషం కింగ్ పిన్నుది గాని ఆర్మ్ బుషులది గాని. కళ్ళతో చూస్తూ ఊపితే ఏది కదులుతోందో తెలిసిపోతుంది.

4. అదే చక్రాన్ని అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపండి. అప్పుడు టక్‌మంటే టై రాడ్ ఎండ్లు గాని స్టీరింగు బాక్సు గాని చూడాలి.

ఈ మూడో పరీక్ష ఎందుకు అంత సులభంగా దొంగను పట్టిస్తుందో చూడండి. పై బుషుకూ కింది బుషుకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లనుకుందాం. చక్రం మధ్య నుంచి అంచుకు 30 సెంటీమీటర్లు. బుషుల దగ్గర అర మిల్లీమీటరు వదులుంటే చక్రం అంచు దగ్గర అది ఒకటిన్నర మిల్లీమీటర్లవుతుంది. పైఅంచు ఒకవైపు, కిందిఅంచు రెండోవైపు కదులుతాయి కనుక చేతికి తెలిసేది మూడు మిల్లీమీటర్లు. తులాదండం పాఠం ఎనిమిదో తరగతిలో అందరం చదివాం. కారు కింద కూర్చున్నప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు.

నా తప్పు

నాన్నగారి దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. కారుకు ఎప్పుడు ఆయిలు మార్చింది, ఎప్పుడు గ్రీజు కొట్టింది, మీటరు ఎంత ఉంది – అన్నీ తేదీలతో వ్రాసేవారు. నేను కాలేజీ సెలవులకు వచ్చినప్పుడల్లా గ్రీజు కొట్టే పని నాది. కింగ్ పిన్నుల కింది నిప్పళ్ళకు గన్ను మూతి తిన్నగా అందేది కాదు. కారు లేపి, స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, నేల మీద వెల్లకిలా పడుకుంటే గాని కుదరదు. రెండుసార్లు అట్లా చేశాను. మూడోసారి నుంచి పై నిప్పళ్ళకు మాత్రం కొట్టి, కింది వాటి మీద వేలితో కాస్త గ్రీజు పూసి, నోటుబుక్కులో "అన్ని పాయింట్లకూ గ్రీజు కొట్టడమైనది" అని వ్రాసి టిక్కు పెట్టాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

1986 మే నెలలో మా అక్కను పురిటికి తీసుకురావటానికి నేనూ అమ్మా వెళ్ళాం. అక్కకు ఏడో నెల. నూజివీడు నుంచి వస్తున్నాం. వెనక డిక్కీలో రెండు బుట్టల రసాలు. ముందు లారీని దాటటానికి వేగం పెంచాను. తూము దగ్గర రోడ్డు కొంచెం కుంగి ఉంది. ఎడమ చక్రం అందులో పడి లేచింది. అంతే, స్టీరింగు నా చేతుల్లోంచి ఊడిపోయినంత పని అయింది. ముందు భాగం మొత్తం అటూ ఇటూ కొట్టుకోవటం మొదలుపెట్టింది. బ్రేకు గట్టిగా తొక్కితే ఏమవుతుందోనని భయం. తొక్కకపోతే మరీ భయం. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగును రెండు చేతులతో బిగపట్టి, మెల్లమెల్లగా రోడ్డు వారకు తెచ్చి ఒక మామిడిచెట్టు కింద ఆపాను. లారీ హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

అమ్మ "ఆంజనేయా" అంటూనే ఉంది. అక్క ఏమీ అనలేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి "ఏం కాలేదురా, పోనీ, నెమ్మదిగా పోనీ" అంది. ఇరవై దాటకుండా ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా ఆమె చేతులు కడుపు మీదనుంచి తీయలేదు. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

విప్పటం

మర్నాడు జంక్షన్‌లోని మేస్త్రీని పిలిపించారు నాన్నగారు. బడి చదువు పెద్దగా లేని మనిషి. నా అనునాదం సిద్ధాంతమంతా విన్నాడు. విని, "అట్టాగేనండి అబ్బాయిగారూ, ముందు లేపి చూద్దామండి" అన్నాడు. జాకీ ఎత్తి, చక్రం ఒక్కసారి ఊపాడు. టక్. నన్ను బ్రేకు తొక్కమన్నాడు. టక్. "కింగ్ పిన్నండి" అన్నాడు. ఆరు నెలలుగా నేను కనిపెట్టలేనిది ఆయన అర నిమిషంలో చెప్పాడు.

పని మొదలుపెట్టే పద్ధతి ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ వ్రాస్తున్నాను.

చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. జాకీ లేపటానికే గాని నిలబెట్టటానికి కాదు. గట్టి స్టాండు మీద దించనిదే కారు కింద తల పెట్టకూడదు. ఇటుకలు అసలు పెట్టవద్దు, అవి చెప్పకుండా చిట్లుతాయి.

చక్రం, బ్రేకు డ్రమ్ము, హబ్బు తీసేశాక బ్రేకు ప్లేటును విప్పి తీగతో పైకి కట్టాలి. దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడదీస్తే గొట్టం లోపల తెగుతుంది, పైకి తెలియదు. టై రాడ్ ఎండ్‌కు స్ప్లిట్ పిన్ను తీసి నట్టు వదులు చేసి, మరల మీద కొట్టకుండా, అది కూర్చున్న కంటికి ఒక పక్క సుత్తి ఆనించి రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా ఒక దెబ్బ కొడితే వదులుతుంది. వాలుగా దిగిన పిన్నుకు లాగటం కంటే అదురే మందు.

తరువాత కింగ్ పిన్నును కదలకుండా పట్టి ఉంచే చిన్న లాకు పిన్నును సన్న వైపు నుంచి కొట్టి తీయాలి. అది తీయకుండా కింగ్ పిన్ను మీద ఎంత బలం చూపినా వృథా. ఆ తరువాత ఇత్తడి కడ్డీ ఆనించి కింగ్ పిన్నును కిందికి దిగగొట్టాలి. ఉక్కు కడ్డీ పెడితే పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుని అందులోనే ఇరుక్కుంటుంది.

కుడివైపుది నాలుగు దెబ్బలకు వచ్చింది. ఎడమవైపుది రాలేదు. సాయంత్రం దాకా కొట్టాం. రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టాం. మర్నాడు పొద్దున వచ్చింది. దానితోబాటు తుప్పు, ఎర్రటి పొడి, గుప్పెడు రాలింది. కింది బుషు ఒకవైపు అరిగి నెలవంకలా ఉంది. పిన్ను మీద గోరు పెడితే తగిలేంత మెట్టు పడింది. పై బుషు మాత్రం గ్రీజుతో నిగనిగలాడుతూ ఉంది.

మేస్త్రీ రెండు బుషులనూ పక్కపక్కన రాతి మీద పెట్టాడు. "పైదానికి అందింది, కిందిదానికి అందలేదండి" అన్నాడు. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. నాన్నగారు లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చారు. పేజీలు తిప్పి నాలుగు టిక్కులూ చూశారు.

"ఇవి నీవేనా?"

"నావే నాన్నా."

"కొట్టావా?"

అబద్ధం చెప్పటానికి అప్పటికీ అవకాశం ఉంది. నిప్పల్ మూసుకుపోయి ఉంటుందనవచ్చు. మేస్త్రీ కూడా కాదనేవాడు కాదు. కాని వాకిట్లో మంచం మీద అక్క కూర్చుని మా వైపే చూస్తోంది. "కొట్టలేదు" అన్నాను.

నాన్నగారు తిట్టలేదు. జేబులోని పెన్ను తీసి నాకిచ్చి, "అయితే ఉన్నది ఉన్నట్టు వ్రాయి" అన్నారు. నాలుగు టిక్కుల పక్కనా "కింది పాయింట్లకు కొట్టలేదు" అని వ్రాశాను. ఇంజనీరింగు నాలుగేళ్ళలో నేను వ్రాసిన అన్ని పరీక్షల్లోకీ కష్టమైనది అదే.

బిగించటం

విప్పటం బలం, బిగించటం బుద్ధి అనేవాడు మేస్త్రీ. నిజంగా మొత్తం పని ఫలితం ఇక్కడే ఉంది.

ఒకటి. ఒకవైపు అరిగినా రెండువైపులా మార్చాలి. కుడివైపుది బాగానే ఉందని వదిలేద్దామన్నాను నేను. ఒక చెప్పు కొత్తది, ఒక చెప్పు పాతది వేసుకుని నడుస్తారా అన్నాడాయన. రెండు పక్కలా సమానంగా లేకపోతే కారు ఒకవైపు లాగుతుంది.

రెండు. కొత్త బుషులో గ్రీజు కోసం ఒక రంధ్రముంటుంది. నొక్కి ఎక్కించే ముందు ఆ రంధ్రం నిప్పల్ రంధ్రానికి ఎదురుగా వచ్చేటట్టు గీత పెట్టుకోవాలి. ఆ రంధ్రం పక్కకు పోతే తరువాత జీవితాంతం గ్రీజు కొట్టినా లోపలికి చుక్క వెళ్ళదు. అప్పుడు నోటుబుక్కులో టిక్కు నిజమైనా ఫలితం అబద్ధమే.

మూడు. బుషు ఎక్కించాక దాని లోపలి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది. రీమరుతో సరిచేయాలి. పైదీ కిందిదీ ఒకే సరళరేఖలో ఉండాలి కనుక రెంటిలోంచీ ఒకేసారి పోయే పొడుగు రీమరు వాడాలి. ఆ రీమరు జంక్షన్‌లో లేదు. స్టబ్ యాక్సిళ్ళు రెండూ గోనెసంచిలో కట్టి బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడి లేత్ పనివాడు ఒక్కో చుట్టుకు పిన్ను పెట్టి చూస్తూ, చూస్తూ, బొటనవేలితో నొక్కితే పిన్ను మెత్తగా జారేదాకా తీశాడు. సుత్తితో దిగేటట్టుంటే బిగువు ఎక్కువ, తానే పడిపోయేటట్టుంటే వదులు. వేలికి తెలిసే ఆ కొలత మా వర్కుషాపు రికార్డులో ఎక్కడా వ్రాయించలేదు.

నాలుగు. థ్రస్టు బేరింగు కొత్తది వేసి, పైకీ కిందికీ వదులు లేకుండా పలుచని షిమ్ములతో సర్ది, లాకు పిన్ను బిగించాలి. నిప్పళ్ళన్నీ కొత్తవి వేసి, చక్రం గాలిలో ఉండగానే గ్రీజు కొట్టాలి. బరువు మీద ఉన్నప్పుడు పిన్ను ఒకవైపు అదుముకుని ఉంటుంది, అటువైపు గ్రీజు వెళ్ళదు. అంచుల నుంచి కొత్త గ్రీజు బయటికి కనబడేదాకా కొట్టాలి. కనబడకపోతే కొట్టినట్టు కాదు.

ఐదు. ఆర్మ్‌ల రబ్బరు బుషులు. మాకు అవి కూడా పగిలి ఉన్నాయి, మార్చాం. వీటి జోలికి పోయేవారు ముందు స్ప్రింగును తలచుకోవాలి. స్ప్రింగు 4000 న్యూటన్ల బలంతో 12 సెంటీమీటర్లు అణిగి ఉందనుకుందాం. అందులో దాగిన శక్తి 240 జౌళ్ళు. పాతిక కిలోల బస్తా మీటరు ఎత్తు నుంచి పడితే అంత. అది ఒక్కసారిగా విడుదలై ముఖానికి తగిలితే ఏమిటో ఊహించుకోండి. స్ప్రింగును పట్టే సాధనంతో బిగించి, కింది ఆర్మ్ కింద జాకీ ఆనించి, అంగుళం అంగుళం దించాలి. ఆ సాధనం లేనివారు, అనుభవజ్ఞుడు పక్కన లేనివారు ఈ పనికి దిగవద్దు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆరు. ఈ రబ్బరు బుషులను చివరిగా బిగించటం కారు నాలుగు చక్రాల మీద నేలపై నిలబడ్డాకనే చేయాలి. వాటిలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. అది జారదు, మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడిపోయి ఎప్పుడూ ఆ మెలికలోనే బతకాలి. ఏడాదిలో చినుగుతుంది. చాలామంది "కొత్త బుషులు నాసిరకం" అనుకునేది దీనివల్లనే.

ఏడు. విప్పిన ప్రతి స్ప్లిట్ పిన్నూ కొత్తది వేయాలి. బ్రేకులు సరిచూసుకోవాలి. ఊరి బయట నెమ్మదిగా నడిపి, తిరిగి వచ్చి, నట్లన్నీ మళ్ళీ చూడాలి. ఆ తరువాతనే అలైన్‌మెంట్. వదులు బందుల మీద చేసిన అలైన్‌మెంట్ ఊగే బల్ల మీద పెట్టిన త్రాసు వంటిది. నేను రెండుసార్లు ఆ త్రాసుకు డబ్బిచ్చాను.

నాలుగో రోజు సాయంత్రం నూజివీడు రోడ్డు మీద అరవై, డెబ్బై దాకా నడిపి చూశాం. అదే తూము మీదుగా కూడా పోయాం. స్టీరింగు మీద రెండు వేళ్ళు చాలాయి. మేస్త్రీ పక్క సీటులో కూర్చుని కునికిపాట్లు పడ్డాడు.

ఇప్పటి కార్లకు ఇదంతా దేనికి?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని ముందు చక్రాలకు కింగ్ పిన్ను లేదు. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిపి ఒకే నిట్టాడిగా నిలబెట్టిన మెక్‌ఫర్సన్ స్ట్రట్టు, కింద ఒక బాల్ జాయింటు. నేడు మన రోడ్ల మీద చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇదే పద్ధతి. గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి, రబ్బరు తొడుగు వేసి మూసేస్తారు. నిప్పల్ లేదు, గన్ను లేదు, నోటుబుక్కు లేదు.

కాని అరుగుదల పోలేదు. రబ్బరు తొడుగు చినిగితే దుమ్మూ నీళ్ళూ లోపలికి పోతాయి. బాల్ జాయింటు మా కింది బుషు మాదిరిగానే ఎండిపోయి అరుగుతుంది. అది పూర్తిగా ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. ఆర్మ్‌లకు రబ్బరు బుషులు ఇప్పుడూ ఉన్నాయి. టై రాడ్ ఎండ్లు ఉన్నాయి. బ్యాటరీ కార్లకూ ఉన్నాయి; వాటికి బ్యాటరీ బరువు అదనం. కనుక పని మారింది: అప్పుడు గ్రీజు కొట్టవలసి వచ్చేది, ఇప్పుడు తొడుగులు చూడవలసి వస్తుంది. టైర్లు మార్చేటప్పుడో, సర్వీసింగుకు ఎత్తినప్పుడో ఒక టార్చిలైటు పట్టుకుని కిందికి దూరి చూడండి. పై చెయ్యీ కింది చెయ్యీ వేసి ఊపి చూడండి. బాల్ జాయింట్ల విషయంలో ఒక జాగ్రత్త: జాకీ ఎక్కడ ఆనించి లేపితే జాయింటు మీద బరువు తీసినట్టవుతుందో ఆ కారు పుస్తకం చూసి లేపాలి. బరువు మీద ఉంటే ప్లే దాక్కుంటుంది.

ఇక చివరి మాట. అక్కకు ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈ కథ ఆమెకు తెలియదు. ఈ సావనీరు చేతికి వస్తే తెలుస్తుంది. మేస్త్రీ దగ్గర తరువాత మూడు వేసవులు పనిచేశాను, జీతం లేకుండా, నా ఇష్టంతో. కారును 1999లో అమ్మేశాం. కొన్నాయనకు నాన్నగారు నోటుబుక్కంతా తన చేత్తో నకలు వ్రాసి ఇచ్చారు. నా నాలుగు దిద్దుబాట్లు కూడా వదలకుండా. "అవెందుకు నాన్నా" అంటే, "కారు నడిపేది ఆయన. ఏది ఎప్పుడు ఎండిందో ఆయనకు తెలియాలి" అన్నారు.

అసలు నోటుబుక్కు నా దగ్గర ఉంది. నేను పనిచేసినచోట్ల ఎన్నో తనిఖీ కాగితాల మీద సంతకం పెట్టాను. పెట్టే ముందు ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకునేవాడిని: కింది నిప్పల్ దాకా వెళ్ళానా, లేక పైపైన పూశానా? విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది రేపు వంతెనలకో, లిఫ్టులకో, బాయిలర్లకో, బస్సులకో సంతకాలు పెట్టబోతున్నారు. వాటి వెనకసీటులో ఎవరు కూర్చుని ఉంటారో మీకు కనబడదు. నాకు ఆ రోజు అద్దంలో కనబడింది కనుక ఈ నాలుగు మాటలు చెప్పగలిగాను.